తక్కువ పవర్ గోలీ అడిగే ముందు: గర్భం రాకుండా వాడేవాటిలో మీ మనసుకు ఏది పడుతుంది?

హనుమకొండలో ఒక మెడికల్ షాపు కౌంటర్ వెనక పదకొండేళ్లుగా నిలబడుతున్నా. గర్భం రాకుండా వేసుకునే గోలీలు అడిగేవాళ్ల పద్ధతి ఇన్నేళ్లలో మారలేదు. షాపు ఖాళీ అయ్యేదాకా పక్కకు నిలబడతారు, పారాసెటమాల్ ఒక షీటు అడుగుతారు, నేను అది చేతిలో పెట్టాక గొంతు తగ్గించి "అక్కా, అవి కూడా ఒకటి" అంటారు. కాగితంలో చుట్టి ఇస్తా. ఈ మధ్య దాని వెనకాలే ఇంకో మాట వస్తోంది: "ఇవి వేసుకున్నకాడి నుంచి ఊరికే ఏడుపొస్తుందక్కా, పిల్లల మీద అరుస్తున్న. తక్కువ పవర్‌ది ఏమన్న ఉందా?"

కౌంటర్ మీద రెండు నిమిషాల్లో దానికి జవాబు చెప్పలేను, అందుకే ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాదు, బీఫార్మసీ చదివినదాన్ని, పైగా ఈ గోలీలతో ఒకసారి తిప్పలు పడ్డదాన్ని. మన వరంగల్, కరీంనగర్ దిక్కు అమ్మలు, అత్తలు ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే ఎక్కువ కాబట్టి, గోలీ వేసుకుంటే మనసు ఎట్లుంటుందో అడుగుదామన్నా ఇంట్లో చెప్పేవాళ్లు దొరకరు.

ముందు ఈ "పవర్" సంగతి

మామూలు గోలీలో రెండు హార్మోన్లు ఉంటాయి. ఒకటి ఈస్ట్రోజెన్, దాదాపు అన్నిట్లో ఇథినైల్ ఎస్ట్రాడియాల్ అనే రకం. రెండోది ప్రొజెస్టిన్, అంటే మన ఒంట్లో తయారయ్యే ప్రొజెస్టిరాన్‌ను పోలిన మందు. తక్కువ పవర్, అంటే లో డోస్ అనే పేరు మొదటిదాన్ని బట్టి వచ్చింది. 1960లో అమెరికాలో అనుమతి దొరికిన మొట్టమొదటి గోలీ ఎనోవిడ్‌లో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు ఉండేది. ఇప్పుడు మన షాపుల్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం 20 లేదా 30. అంటే మీరు వాడేది ఇప్పటికే తక్కువ పవర్‌దే.

మనసు విషయంలో తేడా ఎక్కువగా కనిపించేది రెండోదాని దగ్గర. అండం విడుదలైన తర్వాత మన ఒంట్లో ప్రొజెస్టిరాన్ తయారవుతుంది, దాంట్లోంచి అల్లోప్రెగ్ననొలోన్ అనే పదార్థం పుట్టి మెదడును నెమ్మదింపజేస్తుంది. గోలీ వేసుకుంటే అండం విడుదల కాదు, కాబట్టి ఈ సొంత సరుకు తగ్గిపోతుంది. గోలీలోని ప్రొజెస్టిన్ గర్భాన్ని ఆపుతుంది గానీ మెదడులో ఆ పని అదే తీరుగా చేయదు. అయితే కొందరికి ప్రతి నెలా హార్మోన్లు పైకీ కిందికీ ఊగడమే అసలు బాధ. డేట్‌కు వారం ముందు ఇల్లంతా తలకిందులు చేసేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లకు గోలీ ఆ ఊగులాట ఆపేసి హాయినిస్తుంది. ఒకే షీటు అక్కకు మందు, చెల్లెకు తలనొప్పి కావడానికి కారణం ఇదే.

పరిశోధనలు ఏమంటున్నాయంటే, 2016లో డెన్మార్క్‌లో 15 నుంచి 34 ఏళ్ల మధ్య ఉన్న పది లక్షలకు పైగా ఆడవాళ్ల రికార్డులు చూశారు. రెండు హార్మోన్ల గోలీలు వాడేవాళ్లు డిప్రెషన్ మందు మొదలుపెట్టడం, వాడనివాళ్ల కంటే 1.23 రెట్లు ఎక్కువ. 15 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ఇది 1.8 రెట్లు. రికార్డులు చూసి చెప్పింది కాబట్టి గోలీయే కారణం అని దీంతో తేలిపోదు. 2017లో స్వీడన్‌లో 340 మందికి మూడు నెలలు, సగం మందికి అసలు గోలీ, సగం మందికి మందు లేని ఉత్త గోలీ ఇచ్చి చూశారు. అసలు గోలీ వేసుకున్నవాళ్లు "మునుపటంత హుషారుగా లేను" అన్నారు గానీ డిప్రెషన్ లక్షణాల్లో లెక్కకు వచ్చే తేడా కనిపించలేదు. ఆ పరిశోధనలో వాడింది లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ 150, ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములు. మన ఆశ వర్కర్ ఇచ్చే మాలా-ఎన్‌లో ఉన్న లెక్క కూడా అదే.

కాబట్టి "అంతా నీ భ్రమ" అనేవాళ్ల మాట తప్పు, "గోలీ వేసుకుంటే పిచ్చెక్కుతుంది" అనేవాళ్ల మాటా తప్పే. ఎక్కువ మందికి ఏమీ కాదు, కొందరికి అవుతుంది, ఆ కొందరిలో మీరు ఉన్నారా అన్నదే చూసుకోవాలి.

ఎంచుకునే ముందు ఏం చూడాలి

మొదటిది మీ పాత కథ. ఇంతకుముందు డిప్రెషన్ వచ్చిందా, కాన్పు తర్వాత నెలల తరబడి దిగులుగా ఉన్నారా, డేట్‌కు ముందు వారం మీరు మీరులా ఉండరా? ఈ మూడు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. చాలామంది చెప్పరు, అడగలేదు కదా అంటారు.

రెండోది నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం, కానీ దీని గురించి ఎవరూ మాట్లాడరు: పడకపోతే ఎంత త్వరగా బయటపడొచ్చు? గోలీ అయితే ఆపిన కొద్ది రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. ఇంజెక్షన్ ఒకసారి పొడిచాక తిరిగి లాగలేం.

మూడోది గ్యాప్. 21 హార్మోన్ గోలీలు అయ్యాక వచ్చే 7 రోజుల్లో (మాలా-ఎన్ లాంటి షీట్లలో అప్పుడు వేసుకునేవి వేరే రంగులో ఉండే ఇనుము గోలీలు, వాటిలో హార్మోన్ ఉండదు) హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, కొందరికి చికాకూ తలనొప్పీ అప్పుడే వస్తాయి.

ఇక శరీరం అడ్డం చెప్పేవి ఉంటాయి, వాటి ముందు మూడ్ సంగతి రెండోదే. బీపీ, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, కళ్ల ముందు మెరుపులు కనిపించి వచ్చే మైగ్రేన్, 35 దాటి పొగ తాగే అలవాటు ఉంటే ఈస్ట్రోజెన్ ఉన్న గోలీ వద్దు. ఆరు నెలల లోపు పాపకు పాలిచ్చే తల్లులకు కూడా వద్దంటారు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే గోలీ పనితనం తగ్గిపోతుంది. ఫిట్స్ మందుల్లో కార్బమజెపిన్, ఫెనిటోయిన్ కూడా అంతే. ఇంకోటి తిరగబడ్డ లెక్క: లామోట్రిజిన్ వాడేవాళ్లు ఈస్ట్రోజెన్ గోలీ మొదలుపెడితే రక్తంలో లామోట్రిజిన్ తగ్గుతుంది. మూడ్ కోసం ఆ మందు వాడేవాళ్లకు గోలీ వల్ల మూడ్ చెడిందని అనిపించడానికి ఇదీ ఒక దారి.

| ఏది | లోపల ఏముంది | మనసు సంగతి | పడకపోతే బయటపడటం |
|---|---|---|---|
| మాలా-ఎన్, మాలా-డి, ఓవ్రాల్-ఎల్ | ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములు + లెవోనార్జెస్ట్రెల్ 150 | ఎక్కువ మందికి ఫర్వాలేదు, కొందరికి నీరసం, చికాకు | రోజుల్లో |
| నోవెలాన్ (30), ఫెమిలాన్ (20) | ఈస్ట్రోజెన్ + డెసోజెస్ట్రెల్ 150 | మగ హార్మోన్ లక్షణం తక్కువ, మనిషిని బట్టి | రోజుల్లో |
| యాస్మిన్, క్రిసాంటా | ఈస్ట్రోజెన్ 30 + డ్రోస్పిరెనోన్ 3 మి.గ్రా. | డేట్ ముందు చికాకు, ఉబ్బరం ఉన్నవాళ్లకు మేలు | రోజుల్లో |
| సెరజెట్ | డెసోజెస్ట్రెల్ 75 ఒక్కటే | గ్యాప్ లేదు, కానీ గమనిస్తూ ఉండాలి | రోజుల్లో |
| ఛాయ | ఆర్మెలాక్సిఫెన్ 30 మి.గ్రా., హార్మోన్ కాదు | మూడ్ మార్పు మామూలుగా ఉండదు | కొన్ని వారాలు |
| అంతర ఇంజెక్షన్ | మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ 150 మి.గ్రా. | పడితే హాయి, పడకపోతే కష్టం | మూడు నెలలు, ఆ పైన |
| హార్మోన్ లూప్ (గర్భసంచిలో పెట్టేది) | లెవోనార్జెస్ట్రెల్, రోజూ కొంచెం | రక్తంలోకి తక్కువే వెళ్తుంది, అయినా సున్నా కాదు | తీయించిన రోజుల్లో |
| కాపర్ టీ | రాగి ఒక్కటే | హార్మోన్ లేదు | తీయిస్తే అయిపోయింది |

ఒక్కొక్కటిగా

లెవోనార్జెస్ట్రెల్ గోలీలతోనే మొదలుపెట్టమంటా, మీకు పాత కథేమీ లేకపోతే. మాలా-ఎన్ సబ్ సెంటర్‌లో ఊరికే దొరుకుతుంది, మాలా-డి నామమాత్రపు ధర. "సర్కారు గోలీ కదా, అందుకే మూడ్ పాడు చేస్తుంది" అని నాతో వాదించినవాళ్లున్నారు. వెనక తిప్పి చదవండి, పెద్ద డబ్బాలో వచ్చే ఓవ్రాల్-ఎల్‌లోనూ అదే మందు, అదే లెక్క. రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా రెండు హార్మోన్ల గోలీల్లో ఈ రకానికే తక్కువ: ఏడాదికి పది వేల మందిలో 5 నుంచి 7 మందికి. గోలీ వాడనివాళ్లలో ఇది ఇద్దరు.

డ్రోస్పిరెనోన్ కథ వేరు. ఇది ఒంట్లో నీరు నిలవకుండా చేసే స్పైరనోలాక్టోన్ అనే మందుకు చుట్టం. దీనితో 24 గోలీలు వేసుకుని 4 రోజులే గ్యాప్ ఉండే 20 మైక్రోగ్రాముల ప్యాకుకు 2006లో అమెరికా నియంత్రణ సంస్థ, డేట్ ముందు వచ్చే తీవ్రమైన మానసిక బాధకు కూడా వాడొచ్చని అనుమతి ఇచ్చింది. డేట్‌కు వారం ముందు గిన్నెలు విసిరేసి డేట్ రాగానే మామూలైపోయే రకం మీరైతే, డాక్టర్‌తో మొదట మాట్లాడాల్సింది దీని గురించే. కానీ ఈ హాయి ఊరికే రాదు. గడ్డకట్టే ప్రమాదం డ్రోస్పిరెనోన్, డెసోజెస్ట్రెల్ రకాలకు పది వేలలో 9 నుంచి 12. చిన్న సంఖ్యే, గర్భంతో ఉన్నప్పుడు ఉండే ప్రమాదం దీనికంటే ఎక్కువ, అయినా ఇంట్లో ఎవరికైనా ఆ చరిత్ర ఉంటే దాచకండి. కిడ్నీ సమస్య ఉన్నా, పొటాషియం పెంచే బీపీ గోలీలు వాడుతున్నా అసలే అడగకుండా కొనొద్దు. ధర కూడా నెలకు వందల రూపాయలు అవుతుంది.

పీసీఓడీ ఉన్న అమ్మాయిలకు మొటిమలనీ, మీసాలనీ డయాన్-35 రాయడం మామూలే. అందులో సైప్రోటెరోన్ అనే ప్రొజెస్టిన్ ఉంటుంది. కంపెనీ ఇచ్చే కాగితంలోనే దిగులు గురించి హెచ్చరిక ఉంది. కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు పాత చీటీ పట్టుకుని మళ్లీ మళ్లీ కొంటారు, చీటీ మీద తేదీ చూస్తే ఏడాదిన్నర కిందటిది. పీసీఓడీ ఉన్నవాళ్లకు దిగులు మామూలుగానే ఎక్కువ కాబట్టి ఏది దేనివల్లో విడదీయడం కష్టం, అందుకే 20 ఏళ్ల లోపు పిల్ల ఏ హార్మోన్ గోలీ మొదలుపెట్టినా ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

సెరజెట్ లాంటి ఒక్క హార్మోన్ గోలీ పాలిచ్చే తల్లులకు, ఈస్ట్రోజెన్ పనికిరానివాళ్లకు. గ్యాప్ ఉండదు, రోజూ వేసుకోవాలి, 12 గంటలకు మించి ఆలస్యం కాకూడదు. ఈస్ట్రోజెన్ లేదు కదా, మనసుకు మంచిదే అనుకుంటారు. డెన్మార్క్ లెక్కల్లో ఈ రకం 1.34 రెట్ల దగ్గర, అంటే మామూలు గోలీల కంటే కొంచెం పైనే నిలిచింది.

అంతర గురించి మాత్రం నిర్మొహమాటంగా చెప్తా. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఇది దేవుడిచ్చినట్టే: సర్కారు దవాఖానలో ఉచితం, మూడు నెలలకు ఒక పోటు, ఇంట్లో షీటు దాచుకునే పని లేదు, అత్తకు తెలియదు. మనసు మామూలుగా ఉండేవాళ్లకు నేను అడ్డం చెప్పను. కానీ ఇదివరకు డిప్రెషన్ వచ్చినవాళ్లు మొట్టమొదటి ప్రయోగం దీంతో చేయొద్దు. రెండో వారంలో దిగులు మొదలైతే మిగతా పదకొండు వారాలు దాంతోనే గడపాలి. ఆపాక మళ్లీ గర్భం నిలవడానికి కూడా నెలలు పడుతుంది.

ఛాయను లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐలో తయారు చేశారు, పాత పేరు సహేలి. 2016లో సర్కారు కుటుంబ నియంత్రణ పథకంలో చేర్చారు. ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టిన్ గానీ లేవు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, కొందరికి డేట్ బాగా ఆలస్యం అవుతుంది. నెల తప్పిందేమోనని పది రోజులు నిద్రపోకుండా టెన్షన్ పడి, పొద్దున్నే షాపు తెరవకముందే ప్రెగ్నెన్సీ కిట్ కోసం నిలబడే మనిషికి హార్మోన్ లేని గోలీ ఏం ప్రశాంతత ఇచ్చినట్టు? ముందే తెలిసి ఉంటే ఆ భయం ఉండదు. పీసీఓడీ, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు.

కాపర్ టీలో 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది. హార్మోన్ అసలే లేదు. కానీ బ్లీడింగ్ పెరుగుతుంది, రక్తం ఇప్పటికే తక్కువ ఉన్న మనిషికి ఇంకా తగ్గుతుంది, అప్పుడు వచ్చే నీరసం, విసుగు కూడా చూసేవాళ్లకు దిగులులాగే కనిపిస్తాయి. వేయించుకునే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. హార్మోన్ లూప్‌తో బ్లీడింగ్ తగ్గుతుంది గానీ ఖర్చు వేలల్లో ఉంటుంది.

కండోమ్ గురించి రాయలేదని అనుకోకండి. ఆడమనిషి మనసును అస్సలు ముట్టుకోని పద్ధతి అది, మా షాపులో దాన్ని అడగడానికి మగవాళ్లు పడే సిగ్గు చూస్తే నవ్వొస్తుంది.

జాతర గోలీలు వేరే

మేడారం జాతరకు ముందు, బతుకమ్మకు ముందు, పెళ్లిళ్ల సీజన్‌లో డేట్ వెనక్కి జరిపే గోలీలు షీట్లకు షీట్లు పోతాయి. అది నోరెథిస్టెరోన్ 5 మి.గ్రా., మామూలుగా రోజుకు మూడు రాస్తారు, అంటే 15 మి.గ్రా. ఇదే మందుతో విదేశాల్లో అమ్మే గర్భనిరోధక మినీ గోలీలో ఉండేది 0.35 మి.గ్రా. నలభై రెట్లకు పైన! అందుకే ఆ నాలుగు రోజులు మనిషి ముభావంగా, ఉబ్బినట్టు ఉంటే ఆశ్చర్యం లేదు. పైగా డేట్ జరపడానికి ఇలా వేసుకుంటే గర్భం రాదన్న భరోసా లేదు. 72 గంటల గోలీ కూడా ఇలాంటిదే, 1.5 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్, మాలా-ఎన్ ఒక గోలీకి పది రెట్లు. ఎప్పుడో ఒకసారికి ఫర్వాలేదు. నెలకు రెండుసార్లు కొనేవాళ్లకు మాత్రం నేనే నోరు తెరిచి చెప్తా, రోజువారీ పద్ధతి ఏదైనా పెట్టుకోమని.

నా క్యాలెండర్

మా రెండో వాడు ఎనిమిది నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు లెవోనార్జెస్ట్రెల్ గోలీ మొదలుపెట్టా. రెండో నెలలో ఒకరోజు పెద్దది అన్నం పళ్లెం తోసిందని అరిచిన అరుపుకు పక్కింటి వదిన వచ్చి తలుపు కొట్టింది. నేనూ అందరిలాగే తక్కువ పవర్‌ది వేసుకుందాం అనుకున్నా. మా వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండర్ ఉంటుంది. లీటరు, అర లీటరు అని రాసే గడిలోనే, మనసు బాగోలేని రోజు ఒక చుక్క పెట్టడం మొదలుపెట్టా. మూడు నెలలు పెట్టాక చూస్తే చుక్కలన్నీ ఒకే చోట గుంపుగా ఉన్నాయి: రంగు మారిన ఏడు ఇనుము గోలీల రోజుల్లో, తర్వాత కొత్త షీటు మొదటి రెండు రోజుల్లో. మిగతా రోజులు దాదాపు ఖాళీ. నన్ను సతాయించింది గోలీ కాదు, గోలీ లేని వారం.

క్యాలెండర్ కాగితం చించి డాక్టరమ్మకు చూపిస్తే, ఇనుము గోలీలు వదిలేసి మూడు షీట్లు వరుసగా వేసుకుని అప్పుడు గ్యాప్ ఇమ్మంది. రక్తం పరీక్షలో హిమోగ్లోబిన్ 9 వచ్చింది, దానికి ఐరన్ విడిగా రాసింది. థైరాయిడ్ కూడా చూసింది, బాగానే ఉంది. నేను సొంతంగా 20 మైక్రోగ్రాములకు మారి ఉంటే గ్యాప్ అట్లాగే ఉండేది, నా అరుపులూ అట్లాగే ఉండేవి.

మీ చుక్కలు నెలంతా చెదిరి ఉంటే అది వేరే సంగతి, ప్రొజెస్టిన్ రకం మార్చడమో, హార్మోన్ లేనిదానికి వెళ్లడమో ఆలోచించాలి. గోలీ మొదలుపెట్టకముందు నుంచే చుక్కలు ఉన్నట్టయితే గోలీని మార్చి లాభం లేదు, అసలు దిగులుకే వైద్యం కావాలి. అందుకే వీలైతే గోలీకి ఒక నెల ముందే చుక్కలు మొదలుపెట్టండి.

మామూలు చికాకుకు మూడు నెలలు ఆగి చూడొచ్చు, ఒళ్లు అలవాటు పడటానికి అంత టైం పడుతుంది. కానీ బతకాలని లేదు అనే ఆలోచన వస్తే మూడు నెలలూ వద్దు, మూడు రోజులూ వద్దు. వెంటనే ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి పోండి, రాత్రైనా సరే 14416కు ఫోన్ చేయండి, అది మానసిక సమస్యలకు సర్కారు పెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. యూరప్ మందుల సంస్థ 2018లో ఈ గోలీల కాగితాల్లో ఇదే హెచ్చరిక పెట్టమంది. షీటు మధ్యలో ఆపితే ఆ రోజు నుంచి కండోమ్ వాడాలి. ఆపడానికి ముందు ఐదు రోజుల్లో కలిసి ఉంటే గర్భం రావచ్చు, అది డాక్టర్‌కు చెప్పండి.

తక్కువ పవర్ అడిగిన ఒకామెకు ఈ చుక్కల సంగతి చెప్పి పంపించా. నాలుగు నెలలకు మళ్లీ వచ్చి, ఫోన్‌లో క్యాలెండర్ ఫొటో చూపించింది. చుక్కలు నెలంతా ఉన్నాయి, మొదటి షీటు మొదలుపెట్టిన వారం నుంచే. కాపర్ టీ వేయించుకుందట, బ్లీడింగ్ ఎక్కువైంది, ఐరన్ వాడుతోంది. "కానీ పిల్లల మీద అరుస్తలేనక్కా" అంది. ఇంతలో ఎవరో మగమనిషి షాపు మెట్లెక్కాడు. ఆమె ఫోన్ ఆపేసి, గొంతు పెంచి, "పారాసెటమాల్ ఒక షీటియ్యక్కా" అంది.